మండపంలో మాట వినబడేదాకా: ఒక భజన బృందం పన్నెండు వారాల మైకు డైరీ

మాది తెనాలి దగ్గరి ఒక ఊరిలోని భజన బృందం. ఇద్దరం పాడతాము, ఒకరు హార్మోనియం, ఒకరు తబలా, మరొకరు తాళాలు వాయిస్తూ కోరస్ అందుకుంటారు. శ్రుతికి ఫోనులోని తంబురా వాడుతున్నాము. పాడే చోటు రామాలయానికి ఆనుకుని ఉన్న భజన మండపం. శ్రీరామనవమికి పన్నెండు వారాల ముందు, వెనుక వరుసలో కూర్చునే మామ్మగారు ఒకరు నాతో, "రాగం వినబడుతోంది బాబూ, మాట మాత్రం ఒక్కటీ అందడం లేదు" అన్నారు. కీర్తనకు సాహిత్యమే ప్రాణం కనుక, ఎంత పెద్దగా వినబడుతోంది అన్నదాన్ని పక్కన పెట్టి, ఎన్ని మాటలు అందుతున్నాయి అన్నదాన్నే ఈ పనికి కొలబద్దగా పెట్టుకున్నాము.

దశ 1: కొలతలు (1వ వారం)

మండపం పొడవు 11 మీటర్లు, వెడల్పు 6.5, ఎత్తు 3.4. నేల గ్రానైటు, గోడలు సున్నం పూసిన ఇటుక, పైన సిమెంటు శ్లాబు. తలుపులూ కిటికీలూ తెరిస్తే దాదాపు 12 చదరపు మీటర్ల ఖాళీ ఏర్పడుతుంది. పడమటి గోడకు ఆనించి చెక్క వేదిక ఉంది. దాని వెనుక గోడకే రెండు కాలమ్ స్పీకర్లు బిగించి ఉన్నాయి. అంటే స్పీకర్లు పాడేవారి వీపు వెనుక ఉన్నాయి, వాటి ధ్వని నేరుగా మైకుల్లోకే వెళ్తోంది.

వాడిన పనిముట్లు: కొలత టేపు, మల్టీమీటరు, బెలూన్లు, ధ్వని స్థాయినీ పౌనఃపున్యాలనూ చూపే ఫోను యాప్. ఫోను యాప్ చూపే అంకెను యథాతథంగా నమ్మకూడదు. ఒకే ఫోనును ఒకే చోట ఉంచి, మార్పుకు ముందూ తరువాతా ఉన్న తేడానే లెక్కలోకి తీసుకున్నాము.

రెండు పరీక్షలను స్థిరపరచుకుని పన్నెండు వారాలూ వాటినే వాడాము.

మాటల పరీక్ష:
1. కుడి–గుడి, పాట–బాట, పడి–బడి, చల్లు–జల్లు, కాలి–గాలి వంటి దగ్గర ధ్వనుల మాటలతో 25 మాటల జాబితాలు ఐదు తయారు చేశాము. ఒకే జాబితాను మళ్ళీ మళ్ళీ చదివితే వినేవారికి కంఠస్థమైపోతుంది కనుక ఐదు అవసరమయ్యాయి.
2. నేను మైకులో మామూలు గొంతుతో "ఇప్పుడు ఫలానా మాట అంటున్నాను" అనే వాక్యంలో ఒక్కొక్క మాటనూ చెప్పాను.
3. 9.5 మీటర్ల దూరంలో, వెనుక వరుసలో కూర్చున్న ముగ్గురు తమకు వినబడినదాన్ని కాగితం మీద రాశారు. ముగ్గురి సగటును తీసుకున్నాము.

కూత పరీక్ష:
1. ఫ్యాన్లు ఆపి, మైకులన్నీ మామూలు చోట ఉంచి, ఎవరూ పాడకుండా మాస్టర్ ఫేడరును (మొత్తం ధ్వనిని పెంచే, తగ్గించే మీటను) నెమ్మదిగా పైకి జరిపాము.
2. మైకు కూయడం మొదలుపెట్టి ఆగకుండా నిలిచిన చోట ఫేడరు ఏ డెసిబెల్ (ధ్వని స్థాయి కొలత) గీత దగ్గర ఉందో గుర్తు పెట్టుకున్నాము. ఆ గుర్తు సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది.
3. కచేరీలో ఆ గుర్తుకు 6 డెసిబెల్లు కిందనే ఉండాలని నియమం పెట్టుకున్నాము.

మొదటి రోజు ఫలితం: మాటలు 25కు 11. కూత గుర్తు −14. ఖర్చు (టేపు, బెలూన్లు): 200 రూపాయలు.

దశ 2: కరెంటు (2వ వారం)

మిగిలిన పనులన్నిటికంటే ముందు ఇది చేయవలసి వచ్చింది. మైకుకు పెదవి తగిలినప్పుడు జిల్లుమనడం మాకు ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. కడిగిన నేల మీద, చెప్పులు లేని కాళ్ళతో పాడేచోట అది ఎంత ప్రమాదమో కొలిచి చూసిన రోజునే తెలిసింది: మిక్సింగు ఆంప్లిఫైయరు (మైకులన్నిటినీ కలిపి స్పీకర్లకు పంపే పెట్టె) లోహపు ఒంటికీ నేలకూ మధ్య మల్టీమీటరు 90 వోల్టులు చూపింది. సాకెట్టులో ఎర్త్ రంధ్రం ఉంది గాని దాని వెనుక వైరు ఎక్కడికీ వెళ్ళలేదు.

ఎలక్ట్రీషియన్ కొత్త ఎర్త్ గుంట తీసి వైరు కలిపిన తరువాత ఫేజుకూ ఎర్తుకూ మధ్య 228 వోల్టులు, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య 1.5 వోల్టులు వచ్చాయి. గుర్రుమనే హమ్ముని వదిలించుకోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు చాలా బృందాలలో చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. హమ్ముకు వేరే మందులు ఉన్నాయి.

ఎర్త్ సరిచేశాక కూడా రెండు శబ్దాలు మిగిలాయి. మొదటిది, తంబురా ఫోనుకు ఛార్జరు పెట్టి ఉన్నంతసేపూ వచ్చే సన్నని గీర. ఛార్జరు తీస్తే అది ఆగిపోయింది. రెండు గంటల కార్యక్రమంలో ఫోను మధ్యలో ఆగిపోతుందన్న భయంతో, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న డీఐ బాక్సు (రెండు పరికరాలను నేరుగా వైరుతో కలపకుండా ధ్వనిని మాత్రం దాటించే చిన్న పెట్టె) ఒకటి కొని, ఫోనును దాని ద్వారా కలిపాము. అప్పుడు ఛార్జరు ఉన్నా గీర రాలేదు. రెండవది, గుడి గోపురానికి వేసిన సీరియల్ సెట్లు వెలిగి ఆరినప్పుడల్లా స్పీకర్లలో వచ్చే బర్రుమనే చప్పుడు. వాటిని వేరే బోర్డు మీదకు మార్పించి, సౌండ్ సామాను మొత్తానికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకున్నాము.

మాటలు 11. కూత గుర్తు −14. ఈ దశ ఖర్చు: ఎర్త్ 2,800, డీఐ బాక్సు 1,800. మొత్తం 4,800.

దశ 3: తెరిచి ఉన్న మైకులు (3వ వారం)

ఒకే ఆంప్లిఫైయరు మీద మొత్తం ఆరు మైకులు తెరిచి ఉన్నాయని లెక్కపెడితేగాని తెలియలేదు. పాడేవారివి రెండు, హార్మోనియానికి ఒకటి, తబలాకు ఒకటి, తాళాలకు ఒకటి. ఆరవది గర్భగుడి ద్వారం దగ్గర అర్చకస్వామి మంత్రపుష్పానికి వాడే మైకు. అది ఎప్పుడూ తెరిచే ఉంటోంది. గుడిలో గంట మోగినప్పుడల్లా మా స్పీకర్లలోనూ మోగడానికి కారణం అదే.

తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందు మనకు దొరికే స్థాయి 3 డెసిబెల్లు తగ్గుతుంది. అర్చకస్వామి మైకును మా కార్యక్రమం సేపు మూశాము. తాళాలకు మైకు అసలు అవసరమే లేదు. మైకు లేకుండానే అవి వీధి చివరకు వినబడుతున్నాయి. బయట వీధివైపు ఉన్న హారన్ స్పీకరు వైరును కూడా కార్యక్రమం ఉన్నంతసేపూ తీసివేశాము. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్లు, రాత్రి 45. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. మండపంలో కూర్చున్నవారి కోసం పాడేటప్పుడు ఊరంతటికీ వినిపించవలసిన పని లేదు.

ఈ వారంలోనే ఒక పొరపాటు కొనుగోలు జరిగింది. వైర్లు కాళ్ళకు అడ్డం పడుతున్నాయని 4,200 పెట్టి చౌక వైర్‌లెస్ మైకుల జత ఒకటి కొన్నాము. మూడు రిహార్సల్స్‌లోనూ ఒక్కొక్కసారి గొంతు తెగిపోయింది, ఒకసారి బ్యాటరీ పాట మధ్యలో అయిపోయింది. పైగా కూర్చుని పాడే మాకు వైరు లేకపోవడం వల్ల కలిగే లాభం ఏమీ లేదు. 2,500కు అమ్మేశాము. నష్టం 1,700. పాత షూర్ ఎస్ఎమ్58 మైకులు రెండూ మళ్ళీ బయటికి వచ్చాయి.

మాటలు 12. కూత గుర్తు −11.5. మొత్తం ఖర్చు 6,500.

దశ 4: స్పీకర్ల చోటు (4, 5 వారాలు)

ఈ పన్నెండు వారాలలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఇది. వెల్డింగు షాపులో 2,400కు రెండు ఇనుప స్టాండ్లు చేయించి, కాలమ్ స్పీకర్లను గోడ నుంచి తీసి వాటికి బిగించాము.

1. మొదట వేదిక అంచుతో సమానంగా పెట్టాము. కూత గుర్తు −9కు మాత్రమే వచ్చింది.
2. మైకులకు 1.5 మీటర్ల ముందుకు, రెండు పక్క గోడలకు 80 సెంటీమీటర్ల ఇవతలికి జరిపాము. గుర్తు −5కు వచ్చింది.
3. జనం నేల మీద కూర్చుంటారు కనుక స్పీకరు మధ్యభాగం 1.8 మీటర్ల ఎత్తులో ఉండేటట్లు పెట్టి, వెనుక వరుస తలల వైపు కొద్దిగా కిందికి వంచాము. శ్లాబుకు తగిలి వచ్చే మోత తగ్గింది. గుర్తు −4.

స్టాండు కాళ్ళ మీద ఇసుక సంచులు వేయడం మరిచిపోవద్దు, పిల్లలు వాటి చుట్టూనే పరుగెడతారు.

మాటలు 16. మొత్తం ఖర్చు 8,900.

దశ 5: ఈక్వలైజరుతో చెడగొట్టుకోవడం (6వ వారం)

పాత మిక్సింగు ఆంప్లిఫైయరులో ఒక్కొక్క మైకుకు విడిగా బాస్, ట్రెబుల్ సరిచేసే వీలు లేదు. అందుకని 7,500కు పది ఛానళ్ళ పాత మిక్సరు, 2,000కు ఐదు బాలెన్స్‌డ్ వైర్లు (బయటి గీరను పట్టుకోని రకం) కొన్నాము. ఒక మిత్రుడు 31 బ్యాండ్ల గ్రాఫిక్ ఈక్వలైజరు (ధ్వనిని 31 పౌనఃపున్య భాగాలుగా విడదీసి ఒక్కొక్కదాన్ని పెంచే, తగ్గించే పరికరం) అరువిచ్చారు.

కూసిన చోటల్లా కోసుకుంటూ పోయాము. 250 హెర్ట్జ్ దగ్గర కూస్తే 250 తగ్గించడం, ఫేడరు పెంచడం, 800 దగ్గర కూస్తే అది తగ్గించడం, మళ్ళీ పెంచడం. ఒక సాయంత్రం ముగిసేసరికి 200, 250, 315, 500, 800, 1250, 2000, 2500, 3150 హెర్ట్జ్ దగ్గర తొమ్మిది బ్యాండ్లు 9 నుంచి 12 డెసిబెల్ల దాకా కిందికి దిగి ఉన్నాయి. కూత లేదు. గొంతు మాత్రం దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంది. మాటలు 16 నుంచి 11కు పడిపోయాయి. అంటే ఐదు వారాల పని ఒక్క సాయంత్రంలో పోయింది. కారణం చూస్తే స్పష్టంగానే ఉంది: చ, జ, స, శ, త, ట వంటి హల్లుల స్పష్టత ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, మేము సరిగ్గా దానినే కోసేశాము.

మరునాడు అన్నిటినీ సున్నాకు తెచ్చి, మూడు బ్యాండ్లకు మించి ముట్టుకోకూడదని, ఏదీ 4 డెసిబెల్లకు మించి తగ్గించకూడదని నియమం పెట్టుకున్నాము. 250, 800, 2500 మూడింటినీ మూడేసి డెసిబెల్లు తగ్గించాము. పాడేవారి ఛానళ్ళలో 80 హెర్ట్జ్ కింద కోసే బటను నొక్కాము. కూత గుర్తు −2. మాటలు 17. మొత్తం ఖర్చు 18,400.

దశ 6: వెనుక స్పీకరు, తీసివేత (7వ వారం)

వెనుక వరుసకు సాయంగా మండపం వెనుక భాగంలో ఇంకొక స్పీకరు పెడదామని తబలా వాయించే బాబాయి పట్టుబట్టారు. నాకూ అది సబబుగానే తోచింది. గ్రంథాలయం వారి స్పీకరు తెచ్చి ముందు స్పీకర్లకు 9 మీటర్ల దూరంలో, వెనుక వరుసకు పక్కనే పెట్టాము. మాటలు 13కు పడ్డాయి.

30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు దాదాపు 349 మీటర్లు వెళ్తుంది. 9 మీటర్లకు 26 మిల్లీసెకన్లు పడుతుంది. వెనుక కూర్చున్నవారికి పక్కనున్న స్పీకరు నుంచి మాట ముందు వచ్చి, వేదిక నుంచి అదే మాట 26 మిల్లీసెకన్లు ఆలస్యంగా, అంతే గట్టిగా వచ్చి, మొదటిదాని అంచులను చెరిపేస్తోంది. వెనుక స్పీకరును ఆ మేరకు ఆలస్యం చేసే పరికరం ఉంటే ఇది పనికివస్తుంది. మా మిక్సరులో ఆ సదుపాయం లేదు. స్పీకరు తిరిగి గ్రంథాలయానికి వెళ్ళింది. మాటలు మళ్ళీ 17.

దశ 7: గోడలు, బొంతలు (8వ వారం)

ఖాళీ మండపంలో బెలూను పగలగొట్టి రికార్డు చేసి చూస్తే మోత పూర్తిగా అణగడానికి సుమారు 1.9 సెకన్లు పట్టింది. గది మోతను లెక్కకట్టే సబీన్ సూత్రం ప్రకారం లెక్క వేసినా దగ్గరి అంకే వస్తుంది: ఘనపరిమాణం 243 ఘనపు మీటర్లు, దానిని 0.161తో గుణిస్తే 39.1, పీల్చుకునే వైశాల్యం గోడలూ నేలా కలిపి 7.5, తలుపులూ కిటికీల ఖాళీ 12, మొత్తం 19.5, భాగహారం చేస్తే 2 సెకన్లు.

మొదట కోడిగుడ్ల అట్టలతో ప్రయత్నించాము. వెనుక గోడ సగం అట్టలతో నింపి మళ్ళీ బెలూను పగలగొడితే 1.85 వచ్చింది, అంటే మార్పు లేనట్టే. దీపారాధన జరిగే చోట ఎండు అట్టలు ఉంచడం నిప్పుకు పిలుపు కూడాను. ఆ రోజే పీకేశాము.

ఆ సూత్రాన్ని కనిపెట్టిన భౌతిక శాస్త్రవేత్త సబీన్ 1895 ప్రాంతంలో అమెరికాలోని హార్వర్డ్‌లో ఉన్న ఫాగ్ ఉపన్యాస మందిరం మోతను కొలవడానికి మరొక మందిరపు కుర్చీల దిండ్లు తెప్పించి, వాటిని కొన్నికొన్నిగా పరుస్తూ స్టాప్‌వాచీతో కొలిచాడు. మాకు దిండ్లు లేవు గాని ఇంటింటా బొంతలు ఉన్నాయి. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉన్న బొంతలు ఆరు పోగు చేసి, వెనుక గోడకు 10 సెంటీమీటర్ల ఎడంగా తాడు కట్టి దండెం మీద వేసినట్టు వేలాడదీశాము. గోడకు ఆనించి వేసినప్పుడు 1.6 సెకన్లు, ఎడంగా వేసినప్పుడు 1.4 సెకన్లు వచ్చింది. ఆ ఎడమే ముఖ్యం. పాత చీరల పొరలతో కుట్టిన మందపు బొంతలు, కొత్తగా కొన్న పలచటి రజాయిలకంటే బాగా పనిచేశాయి.

మనుషులు అన్నిటికంటే మంచి బొంతలు. కూర్చున్న ఒక్కొక్కరూ దాదాపు 0.45 చదరపు మీటర్ల మేర ధ్వనిని పీల్చుకుంటారని పట్టుకుంటే, అరవైమంది వస్తే బొంతలతో కలిపి మోత 0.7 సెకన్లకు దిగుతుంది. ఖాళీ మండపంలో చేసిన సౌండ్ చెక్కుతో జనం వచ్చాక తృప్తి పడకూడదని, మొదటి కీర్తన సగంలో మళ్ళీ సరిచేసుకోవాలని దీనివల్లే తెలిసింది.

మాటలు 19. తాడు, కొక్కేలు 350. మొత్తం ఖర్చు 18,750.

దశ 8: ఎవరు ఎంత దూరం (9, 10 వారాలు)

నేను మైకుకు 30 సెంటీమీటర్ల దూరంలో పాడుతున్నట్టు టేపు చూపింది. 8 సెంటీమీటర్లకు వస్తే గొంతు 11 డెసిబెల్లకు పైగా పెరుగుతుంది, మిక్సరు మీద చేయి పెట్టకుండానే. దగ్గరికి వస్తే గొంతులో బాస్ ఉబ్బుతుంది కనుక నా ఛానల్‌లో బాస్ కొంచెం తగ్గించాము. నాతో పాడే అక్కకు మైకు తలను గుప్పిట్లో పట్టుకునే అలవాటు ఉంది. అలా పట్టుకుంటే వెనుక ధ్వనిని తోసిపుచ్చే మైకు గుణం పోయి అన్ని వైపులా వింటుంది, వెంటనే కూస్తుంది. మైకును స్టాండుకు బిగించేశాము.

తాళాలు నా మైకుకు ఒక మీటరు దూరంలో మోగుతున్నాయి. 30 సెంటీమీటర్ల దూరంలోని నా గొంతుకంటే తాళం దెబ్బ ఆ మైకులో 6 డెసిబెల్లు ఎక్కువగా పడుతోంది! తాళాలు వాయించే మామయ్యను మైకు వెనుక వైపుకు, 2.2 మీటర్ల దూరానికి మార్చాము. దూరం వల్ల 7 డెసిబెల్లు, మైకు వీపు వైపు కావడం వల్ల మరికొంత తగ్గింది. "నన్ను మూలకు నెట్టారు" అని ఆయన మొదట నొచ్చుకున్నారు. రికార్డింగు వినిపించి, ఆయన తాళం ఇప్పుడే విడిగా, స్పష్టంగా వినబడుతోందని చూపించాను. ఆ మాట నిజమే.

హార్మోనియం మైకు ఇన్నాళ్ళూ జనం వైపు, అంటే తిత్తుల దగ్గర ఉండేది. తిత్తి కిర్రుమనడం, గాలి ఊదడం స్వరంకంటే ముందు వినబడేవి. మైకును కుడి చివర, మెట్లకు 20 సెంటీమీటర్ల పైన, రీడ్ల ధ్వని బయటికొచ్చే రంధ్రాల వైపు తిప్పాము. తబలాకు ఒకే మైకు. కుడి చేతి తబలాకూ, ఎడమ చేతి డగ్గాకూ మధ్య 25 సెంటీమీటర్ల ఎత్తులో, కుడి వైపుకు కొంచెం వంచి. డగ్గాకు 8 సెంటీమీటర్ల దగ్గర పెట్టి చూసినప్పుడు గుమకారం మాటలను మింగేసింది.

మాటలు 22. ఖర్చు లేదు.

దశ 9: మానిటరు, ఫ్యాన్లు (11వ వారం)

హార్మోనియం మాస్టారికి మా గొంతులు వినబడవు. మానిటరుగా చిన్న స్పీకరు ఒకటి ఆయనవైపు, మైకుల వీపు వెనుక నేరుగా పెడితే నా మైకు ఊరుకుంది గాని హార్మోనియం మైకు కూసింది. అది సూపర్‌కార్డియాయిడ్ రకమని అప్పుడు గమనించాము. మామూలు కార్డియాయిడ్ మైకు సరిగ్గా వెనుక, 180 డిగ్రీల దగ్గర వినదు. సూపర్‌కార్డియాయిడ్ 126 డిగ్రీల దగ్గర వినదు, సరిగ్గా వెనుక నుంచి కొంత వింటుంది. స్పీకరును పక్కకు జరపగానే కూత ఆగింది. మైకు కొనేటప్పుడు పెట్టె మీది ఈ ఒక్క మాట చదివి ఉంచుకోండి.

శనివారం భజనకు యాభైమంది దాకా వచ్చారు. ఎండలు ముదిరాయి కనుక ఆరు ఫ్యాన్లూ పూర్తి వేగంతో తిరిగితే ఫోను 58 చూపింది, మాటలు 18. రెగ్యులేటరు రెండు దగ్గర పెడితే 52, మాటలు 21. బొంతలు వేసిన గోడ వైపు కిటికీలు పూర్తిగా తెరిపించి ఫ్యాన్లను రెండు దగ్గరే ఉంచాము.

దశ 10: నవమి, తరువాత (12వ వారం)

కల్యాణం అయ్యాక, సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించాము. కూత ఒక్కసారి కూడా రాలేదు. రెండవ కీర్తన అయ్యాక ట్రెబుల్ ఒక గీత పెంచవలసి వచ్చింది. జనం ఎక్కువై మోత తగ్గింది. పాట అయ్యాక మామ్మగారు వేదిక దగ్గరికి వచ్చి, రెండవ చరణంలో నేను ఒక మాట తప్పు పాడానని చెప్పి, సరైన పాఠం అప్పగించారు. పుస్తకం తీసి చూస్తే ఆవిడ చెప్పిందే సరి.

మిగిలిన లోపం ఒకటి ఉంది. డగ్గా 105 హెర్ట్జ్ చుట్టూ గుమ్మని ఉబ్బుతోంది. లెక్క వేస్తే, మండపం 3.4 మీటర్ల ఎత్తుకు రెండవ స్థిర తరంగం (ఎదురెదురు తలాల మధ్య కదలకుండా నిలిచే మోత) 103 హెర్ట్జ్ దగ్గర, 6.5 మీటర్ల వెడల్పుకు నాలుగవది 107 దగ్గర పడుతున్నాయి. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. తబలా ప్రస్తుతం వెడల్పుకు సరిగ్గా నడుమ ఉంది, ఆ నాలుగవ తరంగం ఒత్తిడి అక్కడే ఎక్కువ. వెడల్పులో ఎనిమిదో వంతు, అంటే 80 సెంటీమీటర్లు పక్కకు జరిపితే ఒత్తిడి తక్కువ ఉండే చోటు వస్తుంది. వచ్చే శనివారం బాబాయి తివాచీని అక్కడికి మార్చి, మారుస్తున్నంతసేపూ ఆయనను డగ్గా మీద ఒకే దెబ్బ వాయిస్తూ ఉండమని చెప్పి, నేను వెనుక వరుసలో ఫోను పట్టుకుని కూర్చుంటాను.

ఇప్పటి లెక్క: మాటలు 21 (జనంతో, ఫ్యాన్లు రెండు దగ్గర). కూత గుర్తు −2. మొత్తం ఖర్చు 18,750 రూపాయలు. ఇందులో ఎర్త్ ఖర్చు 2,800 ఆలయ కమిటీ భరించింది.